పాలా అంటే పాలు కాదు

(కోరాపుట్ జిల్లా సునాబేడలో తెలుగువాళ్ల ఆదివారం కలయికలో ఒక రిటైర్డ్ టర్నర్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది. మాటలు దాదాపు ఆయనవి ఆయనవే.)

అందరికీ నమస్కారం. ఆ మైకు కాస్త ఇటు జరపండి బాబూ. ఆ, చాలు.

ఇందాక నన్ను పరిచయం చేస్తూ పర్వతారోహకుడు అన్నారు. అంత లేదు. నేను ముప్పై నాలుగేళ్లు లేత్ ముందు నిలబడ్డ మనిషిని. రిటైరయ్యాక కాళ్లు ఊరుకోక నాలుగు కొండలెక్కాను. అందులో ఒకటి దిగుతూ ఈ ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఎక్కడం గురించి చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు కాబట్టి ఇవాళ ఆ దిగడం గురించే చెబుతాను.

ముందు మాటల సంగతి. మన తెలుగులో 'మంచు' అనే మాటకి చాకిరీ ఎక్కువ. పొద్దున్న గడ్డి మీద నీటి చుక్కలుంటే మంచు. ఘాట్ రోడ్డు కనపడకపోతే మంచు. టీవీలో హిమాలయం తెల్లగా కనిపిస్తే అదీ మంచే. అన్నిటికీ ఒకటే మాట. ఒడియాలో అలా కాదు, ఇక్కడ పుట్టి పెరిగిన మీకు తెలిసిందే. రోడ్డు కనపడనిది కుహుడి, గడ్డి మీద పడేది కాకర. మా అమ్మ పెళ్లయి ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు పక్క క్వార్టరు ఆవిడ "రాత్రి బాగా కాకర పడింది, పిల్లాడికి టోపీ పెట్టు" అందట. మా అమ్మ బుట్ట పట్టుకుని పెరట్లోకెళ్లి కాకరకాయలు వెతికింది. (నవ్వులు) నిజంగా జరిగిందే. ఆ టోపీ పెట్టాల్సిన పిల్లాణ్ని నేనే.

సరిగ్గా అలాంటి పొరపాటే యాభై ఏళ్ల తర్వాత మేం చేశాం. అప్పుడు నవ్వులాటగా పోయింది, ఈసారి చెయ్యి విరిగింది.

మేం వెళ్లింది ఉత్తరాఖండ్ హిమాలయాల్లో ఉన్న తుంగనాథ్‌కి. పంచ కేదారాలనే ఐదు శివాలయాల్లో అన్నిటికంటే ఎత్తున ఉన్న గుడి. సుమారు 3,680 మీటర్లు. నేను, మా బావగారు, మా మేనల్లుడు, వాడి స్నేహితుడు ఒకడు, మొత్తం నలుగురం. ఇక్కణ్నుంచి విశాఖ, విశాఖలో ఢిల్లీ రైలు, అక్కణ్నుంచి హరిద్వార్, ఋషికేశ్. తర్వాత దేవప్రయాగ, రుద్రప్రయాగ, ఊఖీమఠ్ మీదుగా చోప్తా. నవంబరు ఆఖరు. కార్తీకం అయిపోయి మార్గశిరం వచ్చింది.

ఆ గుడి తలుపులు అక్టోబరు చివరో నవంబరు మొదట్లోనో మూసేస్తారు. ఉత్సవమూర్తిని పల్లకీలో కిందికి తెచ్చి చలికాలమంతా మక్కూమఠ్‌లో పూజలు చేస్తారు. అంటే మేం వెళ్లేసరికి స్వామి అక్కడ లేడు. మా ఆవిడ బయల్దేరేముందే అడిగింది. "దేవుడే చలికి తట్టుకోలేక దిగొచ్చేశాక మీరెక్కి ఏం చేస్తారండీ?" అని. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, జనం ఉండరు, చౌఖంబా శిఖరాలు ఎదురుగా కనిపిస్తాయి, అందుకే ఎక్కాం.

చోప్తా నుంచి గుడికి నాలుగు కిలోమీటర్ల లోపే. కానీ దాదాపు వెయ్యి మీటర్ల ఎక్కుడు. లెక్కేస్తే సగటున పదిహేను పదహారు డిగ్రీల వాలు వస్తుంది. మీరు రాళ్లూ రప్పలూ అనుకుంటారేమో, కాదు, చక్కగా రాళ్లు పరిచిన బాట. జనం కాళ్లకి, గుర్రాల గిట్టలకి అరిగి అరిగి ఆ రాళ్లు నునుపుదేరాయి. ఆ బాట చూడగానే మా బావగారు "ఇదా ట్రెక్కింగు? సింహాచలం మెట్లలాగే ఉందే" అన్నారు.

మొదటి మలుపుల్లో ఒక టీ కొట్టు. ఉదయం ఏడున్నర. కొట్టాయన పొయ్యిలో బూడిద తీసి కొట్టు ముందు బాట మీద చల్లుతున్నాడు. మన ఫ్యాక్టరీ షాపులో నేల మీద ఆయిలు పడితే రంపపు పొట్టు చల్లేవాళ్లం కదా, అలా. మమ్మల్ని చూసి "పాలా హై బాబూజీ, ధూప్ ఆనే దో" అన్నాడు. మా బావగారికి హిందీ అంతంత మాత్రం. పార్వతీపురం మనిషి. "పాలు వద్దయ్యా, మాకు డికాక్షను టీ చాలు" అన్నారు. (నవ్వులు) మేం పడీ పడీ నవ్వుకున్నాం. కొట్టాయనకి అర్థం కాక ఆయనా నవ్వాడు. నాకు హిందీ వచ్చు, 'ధూప్ ఆనే దో' అంటే ఎండ రానివ్వండి అని తెలుసు. 'పాలా' మాత్రం తెలియదు. తెలియనిదాన్ని అడగొచ్చు కదా? అడగలేదు. నవ్వులో పడి కొట్టుకుపోయింది.

పాలా అంటే రాత్రి చలికి నేల మీద గడ్డకట్టేది. ఆకాశం నుంచి రాలే తెల్లటి మంచు కాదు. దాన్ని వాళ్లు బర్ఫ్ అంటారు. బర్ఫ్ కనిపిస్తుంది, కాలు వేస్తే దిగుతుంది, పట్టు దొరుకుతుంది. పాలా అలా కాదు. గడ్డి మీదైతే ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంటుంది, అది పర్వాలేదు. కానీ పగలు కారిన నీరు రాతి మీద పల్చగా పరుచుకుని రాత్రికి గడ్డకడితే గాజు పలకలా ఉంటుంది. కింద రాయి రంగే పైకి కనిపిస్తుంది. మంచు ఉందని కంటికి తెలియదు, రాయి తడిగా ఉందనిపిస్తుంది, అంతే. కొండ దారుల్లో బండ్లు నడిపేవాళ్లు అక్కడ చలికాలంలో అన్నిటికంటే భయపడేది దీనికే.

ఎక్కేటప్పుడు మాకేమీ కాలేదు. అందులోనే ఉంది మోసం. ఎక్కేటప్పుడు ఒళ్లు ముందుకి వంగి ఉంటుంది, బరువు కాలి ముందు భాగం మీద పడుతుంది, అడుగులు చిన్నవి. గుడి దాకా వెళ్లాం. తలుపులకి దండం పెట్టుకున్నాం. పైన చంద్రశిల ఇంకో కిలోమీటరున్నర ఉంది. అక్కడ గాలి చూసి మా మేనల్లుడు "మావయ్యా, ఇక్కడితో చాలు" అన్నాడు. ఇరవై ఆరేళ్ల కుర్రాడు నాకు ఆ మాట చెప్పడం కాస్త మనసుకి పట్టింది. ఒప్పుకున్నాను గానీ ఆ ఉక్రోషంతో దిగేటప్పుడు అందరికంటే ముందు నడిచాను. ఇది ఎక్కడా చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. మా మేనల్లుడు బరంపురంలో ఉన్నాడు కాబట్టి పర్వాలేదు.

రెండో మలుపు దగ్గర కొండ బాట మీదికి వాలి ఉంది, నీడ. రాతి సందులోంచి ఒక ధార, చిటికెన వేలంత, బాటకి అడ్డంగా పోతోంది. దాని అంచున ఒక రాయి నల్లగా, తడిగా కనిపించింది. ఆ రాతి మీద ఒక ఎండుటాకు. గాలి బాగా వీస్తోంది, నా మఫ్లరు కొస ముఖానికి కొడుతోంది. ఆ ఆకు మాత్రం కదలట్లేదు. నేను ఆ ఆకుని చూశాను, ఇప్పటికీ దాని ఈనెలు గుర్తున్నాయి. గాలికి అన్నీ కదులుతుంటే ఇదెందుకు కదలదు అని ఒక్క క్షణం ఆలోచిస్తే సరిపోయేది. ఆకు గాజు కింద ఉంది. నేను గాజు మీద కాలు వేశాను.

పడటం ఎంతసేపు? అయ్యో అనేలోపు అయిపోయింది. మడమ ముందుకి పోయింది, నేను వెనక్కి. ఎడమ చెయ్యి వెనక ఆనించాను. ఎవరైనా ఆనిస్తారు. ఒంటి బరువంతా మణికట్టు మీద పడింది. చప్పుడు వినిపించింది. నాకే కాదు, వెనకున్న బావగారికి కూడా.

ఇప్పుడు మీకు అనుమానం రావాలి. ఆ పొద్దున్న ఫోనులో చూసుకున్నాం, చోప్తాలో మూడు డిగ్రీలని ఉంది. సున్నా కాదు. మరి నీరెలా గడ్డకట్టింది?

ఎత్తుకి వెళ్లేకొద్దీ చల్లబడటం ఒకటి. వెయ్యి మీటర్లకి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. చోప్తా నుంచి గుడికి వెళ్లేసరికే ఆ మూడు కాస్తా సున్నా కిందికి దిగింది. ఇంకోటి, చాలామందికి తెలియనిది, ఆ మూడు డిగ్రీలు గాలివి. థర్మామీటరుని నేలకి నాలుగైదు అడుగుల ఎత్తున, పెట్టెలో పెట్టి కొలుస్తారు. నేల లెక్క వేరు. మబ్బు లేని, గాలి లేని రాత్రి నేల తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. గడ్డి, రాయి, రేకు, గాలి కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ చల్లబడతాయి. మన దగ్గరే చూడండి. కొన్నేళ్లు జనవరిలో సెమిలిగూడ, పొట్టంగి వైపు పొలాల్లో గడ్డి తెల్లబడుతుంది. ఆ రోజు గాలిలో సున్నా ఉండదు. అయినా గడ్డి మీద కడుతుంది. బండి సీటు మీద వేలితో పేరు రాసుకునేవాళ్లు ఉన్నారు ఈ హాల్లోనే. ఆ నవ్వేవాళ్లే వాళ్లు.

ఇక నీడ. మన సునాబేడలో నవంబరు చివర మిట్టమధ్యాహ్నం సూర్యుడు సుమారు 51 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. తుంగనాథ్ దగ్గర 39 దాటడు. ఈ 39ని గుర్తుపెట్టుకోండి. ఉత్తరం వైపు తిరిగి, 39 డిగ్రీల కంటే నిటారుగా ఉన్న వాలు మీద ఆ రోజుల్లో ఎండ ఒక్క నిమిషం కూడా పడదు. నిన్నటిది కరగదు, దాని మీద ఇవాళ్టిది చేరుతుంది. పది అడుగుల దూరంలో ఎండలో ఉన్న రాయి వెచ్చగా ఉంటుంది, మీరు స్వెటరు విప్పి నడుముకి కట్టుకుంటారు. మలుపు తిరగ్గానే ఫ్రిజ్‌లోకి అడుగు పెట్టినట్టే. అందుకే దారిలో నేను చూడవలసింది నీడ. చలి ఎంత అని మాత్రమే చూశాను.

లేత్ మనిషిని కదా, ఒరిపిడి లెక్క చెప్పకుండా వదలను. ఒరిపిడి గుణకం అంటే పట్టు ఎంతుందో చెప్పే అంకె. పొడి కాంక్రీటు మీద రబ్బరు సోలుకి అది 0.6, 0.7 అలా ఉంటుంది. తడి ఐసు మీద అదే సోలుకి 0.1 అనుకోండి, తక్కువే ఉండొచ్చు. 0.1 అంటే ఎంత వాలుకి జారతామో తెలుసా? ఆరు డిగ్రీలు. ఆసుపత్రిలో స్ట్రెచరు తోసే ర్యాంపు కంటే కాస్త ఎక్కువ, అంతే. మా బాట సగటు వాలు పదహారని చెప్పాను. ఇంక నిలబడటం ఎక్కడ?

ఐసు ఎందుకు జారుతుందనేది పెద్ద కథ. చిన్నప్పుడు మాస్టారు మన బరువుకి ఐసు కరిగి నీరవుతుంది, అందుకే జారతాం అని చెప్పారు. రిటైరయ్యాక లెక్కేశాను. ఐసు కరిగే చోటు ఒక్క డిగ్రీ తగ్గాలంటే సుమారు 130 వాతావరణాల ఒత్తిడి, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 130 రెట్లు కావాలి. డెబ్భై కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడ్డా సోలు కింద పడేది అర వాతావరణం. కాబట్టి బూట్లకి ఆ కథ పనిచేయదు. మైకెల్ ఫారడే అనే శాస్త్రవేత్త 1850లో లండన్‌లో ఒక ఉపన్యాసంలో వేరే సంగతి చెప్పాడు. ఐసు ముక్క పైపొర సున్నా కంటే చల్లగా ఉన్నా నీటిలాగే ఉంటుందని. రెండు ఐసు ముక్కల్ని ఆనిస్తే అతుక్కుపోతాయి కదా, అది చూపించి చెప్పాడు. ఇంటికెళ్లి చేసి చూడండి. సున్నాకి దగ్గరయ్యేకొద్దీ ఆ పొర మందమవుతుంది. అంటే గడ్డకట్టించే చలిలో కంటే, ఎండ తగిలీ తగలక పైన తడి తేలిన ఐసు మీదే మన రబ్బరు సోలుకి పట్టు మరీ తక్కువ. నేను పడ్డది పదకొండు గంటలకి. తెల్లవారుజామున కాదు.

మరి నడవడం ఎలాగని ఇందాక ఒక అమ్మగారు అడిగారు. మీకు వచ్చిన నడకే అమ్మా. ఊడ్పుల రోజుల్లో వరి గట్టు మీద నడిచారు కదా? తడి బంకమట్టి, రెండు పక్కలా నీళ్లు. అప్పుడెలా నడుస్తాం? మోకాళ్లు కాస్త వంచి, అడుగు చిన్నగా వేసి, పాదం మొత్తం ఒకేసారి దించి, బరువు ఆ పాదం మీదికి పూర్తిగా వచ్చాకే రెండోది ఎత్తుతాం. చేతులు జేబులో పెట్టుకోం. అదే. పట్నంలో సిమెంటు మీద నడిచి నడిచి మడమ ముందు వేసే అలవాటు పడింది మనకి. ఐసు మీద ఆ మడమే మన కొంప ముంచుతుంది. వాలు చూడగానే భయపడి ఒళ్లు వెనక్కి వాల్చడం ఇంకా తప్పు. వెనక్కి వాలితే బరువు మడమ మీదికి పోయి కాళ్లు ముందుకి తన్నుకుపోతాయి. భయం వేసినా ముక్కు బొటనవేళ్ల మీద ఉండేటట్టు చూసుకోవాలి. చెప్పినంత సులువు కాదు.

బూట్లకి తగిలించుకునే ముళ్ల గొలుసులు ఉంటాయి. రబ్బరు పట్టీ, కింద గొలుసు, గొలుసుకి చిన్న చిన్న ఉక్కు ముళ్లు. మైక్రోస్పైక్స్ అంటారు, అద్దె కొట్లలో మాత్రం ఏదడిగినా క్రాంపాన్ అంటారు. అసలు క్రాంపాన్ వేరు, పొడుగాటి కోరలతో నిటారు ఐసు కోసం. ఈ బాటకి చిన్నవే చాలు. మేం కింద ఒక కొట్లో అద్దెకి తీసుకున్నాం కూడా. నా జత రబ్బరు పగుళ్లిచ్చి ఉంది, ఎక్కేటప్పుడే ఒకటి తెగింది. రెండోది విప్పి సంచిలో పడేశాను. తీసుకునేటప్పుడు రబ్బరు సాగదీసి చూడాలి. ముప్పై నాలుగేళ్లు ప్రతి పార్టూ గేజి పెట్టి చూసిన మనిషిని, అది చూసుకోలేదు.

ఏమీ లేకపోతే? నవ్వకండి, బూట్ల మీద పాత సాక్సులు తొడగండి. న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు నిటారు వీధుల ఊళ్లో జనం చేత నిజంగా నడిపించి చూశారు. బూట్ల మీద సాక్సులు తొడుక్కున్నవాళ్లు తక్కువ జారారు. ఆ పరిశోధనకి 2010లో ఇగ్ నోబెల్ వచ్చింది, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకి ఇచ్చే బహుమతి. మా మేనల్లుడికి ఈ సంగతి తెలుసు. నేను పడ్డాక మిగతా ముగ్గురూ సాక్సులు తొడుక్కునే దిగారు. నాకూ వాడే తొడిగాడు, కింద కూర్చుని. చిన్నప్పుడు వాడికి నేను తొడిగేవాణ్ని.

పడ్డాక జరిగింది క్లుప్తంగా. చేతికర్ర రెండుగా విడదీసి, మఫ్లరుతో కట్టి, మెడకి వేలాడదీశారు. అసలు భయం చెయ్యి వల్ల కాదు, ఆగిపోవడం వల్ల వచ్చింది. ఎక్కేటప్పుడు చెమట పట్టి లోపలి నూలు బనియన్లు తడిసి ఉన్నాయి. నీరు గాలి కంటే ఇరవై రెట్లకి పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. నడుస్తున్నంతసేపూ తెలియదు. నా చెయ్యి కట్టడానికి అరగంట ఆగాం, అంతలో బావగారు వణకడం మొదలుపెట్టారు. వణకడం మంచిదే, ఒళ్లు పోరాడుతోందని అర్థం. కానీ ఆయన జిప్పు పెట్టుకోలేకపోయారు. రెండుసార్లు ప్రయత్నించి, "అబ్బే, ఇదేదో... ఇదేదో" అని మాట ముద్దగా అన్నారు. దెబ్బ నాది, చెయ్యి నాది, కానీ అందరికంటే ప్రమాదంలో ఉన్నది ఆయన. తడి బనియను విప్పించి, పొడి ఉన్ని స్వెటరు ఒంటికి నేరుగా తొడిగి, బెల్లం ముక్క నోట్లో పెట్టారు కుర్రాళ్లు. పావుగంటకి మనిషి తేరుకుని మా అక్కకి ఫోను చెయ్యొద్దని బతిమాలడం మొదలుపెట్టారు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

టీ కొట్టు దగ్గరికి చేరేసరికి మూడు దాటింది. అక్కడ ఆ రోజుల్లో ఐదుంపావు, ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది, లోయలో ఇంకా ముందే. కొట్టాయన నా చెయ్యి చూసి "పాలా?" అన్నాడు. "పాలా" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. బావగారు మాత్రం పాలు పోసిన టీ అడిగారు.

ప్రశ్నలా? అడగండి. ఏమిటీ? మళ్లీ వెళ్తారా అనా? వెళ్తాను. స్వామి అక్కడున్నప్పుడు రమ్మని మా ఆవిడ షరతు పెట్టింది, కాబట్టి ఈసారి అక్టోబరు మొదట్లో. ఈలోగా కాళ్లు మరిచిపోకుండా జనవరిలో ఒక తెల్లవారుజామున దేవమాలి ఎక్కుదాం. 1,672 మీటర్లు, ఒడిశాలో దానికంటే ఎత్తు లేదు, మన గుమ్మం ముందే ఉంది. గడ్డి తెల్లబడితే ఆ నడక ఎలా ఉంటుందో అక్కడే చూసుకోవచ్చు. నూలు బనియను వేసుకొచ్చినవాళ్లని నేను బస్సెక్కించుకోను.

ఇంకోటి. ఈ కర్ర చూడండి. వెదురు మనదే, ఘాట్ కింద కొన్నాను. చివర ఉక్కు మొన నేనే లేత్ మీద తిప్పాను, పాత అలవాటు. దీంతో రాయిని తడితే తడి రాయైతే టక్కుమంటుంది, ఐసైతే కిచ్చుమని గీసుకుంటుంది. చెవికి తేడా తెలుస్తుంది, కంటికి తెలియకపోయినా. వెనక వరుస దాకా పోనివ్వండి. మొన దగ్గర పట్టుకోకండి బాబూ, పదును ఉంది.